రాగి జావ కాదు... ఇది వేరే జావా!

"జావా నేర్చుకుంటున్నాను" అని నేనన్నప్పుడు మా ఆడపడుచు ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, "అందులో నేర్చుకునేదేముంది వదినా? రాగిపిండి ఉండలు కట్టకుండా చన్నీళ్ళలో కలుపుకుని, మరిగే నీళ్ళలో పోస్తే సరి" అంది. మీలో కూడా కొందరు శీర్షిక చూసి, ఇదేదో ఎండాకాలం చలవ చేసే వంటకం అనుకునే ఉంటారు. కాదండీ! ఇది కంప్యూటరు జావా. కంప్యూటరుకీ, సెల్‌ఫోనుకీ "ఇదిగో, ఈ పని ఇలా చెయ్యి" అని మనం చెప్పడానికి వాడే భాషల్లో ఒకటి. హైదరాబాదులో అమీర్‌పేట వెళ్ళినవాళ్ళు మైత్రీవనం దగ్గర ఏ గోడ చూసినా దీని పేరు చదివే ఉంటారు. ఉద్యోగాల కోసం పిల్లలు నేర్చుకునే చదువు అది. మరి నలభై నాలుగేళ్ళ వయసులో, వంటింట్లో పోపు వేసుకునే నాకెందుకూ అంటారా? చెప్తాను.

నేను ఇంటర్మీడియెట్ సి.ఇ.సి. చదివాను, అదీ తెలుగు మీడియం. మాది తెనాలి. మా వీధిలో పన్నెండు మందిమి కలిసి నెలనెలా తలా 500 రూపాయలు వేసుకుంటాం. ఎవరికి అవసరమైతే వాళ్ళకి నూటికి రూపాయి వడ్డీకి ఇచ్చుకుంటాం. దస్తూరీ బాగుంటుందన్న ఒకే ఒక్క కారణంతో పద్దు పుస్తకం నా నెత్తిన పడింది. ఏడాది చివర వడ్డీలు పంచేటప్పుడు నా అవస్థ ఆ భగవంతుడికే ఎరుక! రెండు రాత్రులు కూర్చుని కూడిందే కూడి, కొట్టేసిందే కొట్టేసి, చివరికి ఓ 40 రూపాయలు తేడా వస్తే నా చేతి డబ్బు వేసి సరిపెట్టిన రోజులున్నాయి.

అది చూసి ఇంజనీరింగు చదువుతున్న మా అమ్మాయి, "ఎందుకమ్మా ఈ బాధ? చిన్న ప్రోగ్రాము రాసుకుంటే పోదూ?" అంది. "రాసిపెట్టవే" అన్నాను. "నువ్వే రాసుకో. పద్దు నీకు తెలిసినంత నాకు తెలీదుగా" అని తన పాత జావా పుస్తకం నా చేతిలో పెట్టి హాస్టలుకి వెళ్ళిపోయింది. 2023 దసరా సెలవుల మాట ఇది.

ముందు దీని పుట్టుపూర్వోత్తరాలు రెండు ముక్కల్లో చెప్తాను, ఎందుకంటే అవి నాకు చాలా ధైర్యం ఇచ్చాయి. 1991లో అమెరికాలో సన్ మైక్రోసిస్టమ్స్ అనే కంపెనీలో జేమ్స్ గోస్లింగ్ అనే ఆయనా, మరికొందరూ కలిసి ఈ భాష మొదలుపెట్టారు. దేనికోసం అనుకున్నారు? పెద్ద పెద్ద ఆఫీసుల కోసం కాదు. టీవీ లాంటి ఇంట్లో వాడుకునే సామాను కోసం! ఆయన గది బయట ఓక్ చెట్టు ఉండేదట, అందుకని ముందు "ఓక్" అని పేరు పెట్టారు. ఆ పేరు అప్పటికే ఇంకొకరిదని తెలిసి, కాఫీ పేరు మీద "జావా" అని మార్చారు. 1995లో లోకానికి చూపించారు. అందుకే దాని గుర్తు పొగలు కక్కే కాఫీ కప్పు. అంటే ఇది జావ కాకపోయినా కాఫీయే, ఎటొచ్చీ వంటింటి సరుకే!

ఇలాంటి భాషల్ని "ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్" భాషలంటారు. పేరు విని బెదిరిపోకండి. ఈ పద్ధతికి మొదలు 1967లో నార్వేవాళ్ళు తెచ్చిన "సిమ్యులా" అనే భాష. ఆ తరవాత 1970లలో కాలిఫోర్నియాలో జెరాక్స్ కంపెనీ పరిశోధనశాలలో "స్మాల్‌టాక్" వచ్చింది. స్మాల్‌టాక్ అంటే మన మాటల్లో పిచ్చాపాటీ! మనల్ని పట్టుకుని ఊసుపోని కబుర్లు చెప్పుకుంటారని అనేవాళ్ళు ఈ సంగతి తెలుసుకోవాలి. ఆ భాషని తీర్చిదిద్దినవాళ్ళలో అడెల్ గోల్డ్‌బర్గ్ అనే ఆవిడ ముఖ్యురాలు. బడి పిల్లలకి కూడా ఆ భాష నేర్పించి చూసిందావిడ. పిల్లలు నేర్చుకున్నది మనకి రాకుండా పోతుందా?

సరే, అసలు సంగతికొద్దాం. మా అమ్మాయి పుస్తకంలో క్లాస్ అంటే అచ్చు, ఆబ్జెక్ట్ అంటే దానితో చేసిన బిస్కెట్ అని రాశారు. ఆ పోలిక నాకు నచ్చలేదు. జంతిక తనంతట తాను ఏ పనీ చెయ్యదు కదా, నూనెలో వేగడం తప్ప! నాకు అర్థమైన తీరు వేరు. మా సంఘం మొదలెట్టినప్పుడు అచ్చు వేయించిన ఖాళీ పాస్‌బుక్కు నమూనా ఉంది చూశారూ, పేరు, నంబరు, తేదీ, జమ, అప్పు, నిల్వ అని గళ్ళు గీసింది, అది క్లాస్. ఆ నమూనాలో ఒక్కొక్కరి పేరున రాసి ఇచ్చిన పుస్తకం ఆబ్జెక్ట్. నమూనా ఒకటే, పుస్తకాలు పన్నెండు. ఒకరి పుస్తకంలో జమ వేస్తే ఇంకొకరి నిల్వ మారదు. పైగా ఈ పుస్తకం చచ్చు కాగితం కాదు. "నీ నిల్వ ఎంత?" అంటే తనే లెక్కకట్టి చెప్తుంది. "ఈ 500 జమ వేసుకో" అంటే తనే వేసుకుంటుంది. అలా అది చెయ్యగలిగిన ఒక్కో పనినీ "మెథడ్" అంటారు.

ఇంకో మంచి సంగతి. జావాలో ఆజ్ఞలన్నీ ఇంగ్లీషే గానీ, మనం పెట్టుకునే పేర్లు తెలుగులో రాసుకోవచ్చు. నా మొదటి క్లాస్ పేరు "సభ్యురాలు". అది తెర మీద చూసుకుని ఎంత మురిసిపోయానో చెప్పలేను. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, ఫైలు దాచేటప్పుడు యు.టి.ఎఫ్-8 అనే రకంలో దాచాలి. లేదంటే తెలుగు అక్షరాల బదులు ప్రశ్నార్థకాలు పలకరిస్తాయి.

మొదటి నెలంతా తప్పులే. మధ్యాహ్నం గిన్నెలు కడుక్కుని రెండింటికి కూర్చుంటే నాలుగింటికి పాలవాడు వచ్చేదాకా ఎర్రగీతలే! ప్రతి వాక్యం చివరా సెమికోలన్ పెట్టాలి, మన వాక్యానికి ఫుల్‌స్టాప్ లాగా. మరిచిపోతే ఒప్పుకోదు. "స్ట్రింగ్" అన్న మాటలో మొదటి అక్షరం పెద్దబడిలోనే ఉండాలి, చిన్నబడిలో రాస్తే అదెవరో నాకు తెలీదంటుంది. "కెనాట్ ఫైండ్ సింబల్" అని నన్ను ఎన్నిసార్లు తిట్టిందో! నూటికి తొంభైసార్లు అది నా స్పెల్లింగు తప్పే. ఒక చిట్కా చెప్తాను. ఇరవై తప్పులు చూపించినా కంగారు పడకండి. మొట్టమొదటి తప్పొక్కటీ దిద్ది మళ్ళీ నడిపించండి, సగం వాటంతటవే పోతాయి. అల్లికలో ఒక కుట్టు జారితే పై వరసలన్నీ వంకరపోతాయి చూడండి, అలాగన్నమాట.

"ప్రైవేట్" అన్న మాట మాత్రం నాకు ప్రాణం లేచొచ్చినట్టనిపించింది. నిల్వ అన్న గడికి ప్రైవేట్ అని రాశామంటే, బయటనుంచి ఎవరూ దాన్ని తిన్నగా మార్చలేరు. జమ అనే పని ద్వారానో, చెల్లింపు అనే పని ద్వారానో రావాల్సిందే. గుడి హుండీ లాగా, పైన సందులోంచి వెయ్యాలే గానీ మూత తీసి చెయ్యి పెట్టడానికి లేదు. కాగితం మీదైతే నేను ఎన్నిసార్లు కొట్టివేసి, పక్కన అంకె వేసి ఉంటానో! "ఇన్‌హెరిటెన్స్", అంటే వారసత్వం అని ఇంకో పాఠం ఉంటుంది. పుస్తకాలు దీని గురించి కుక్కా పిల్లీ ఉదాహరణలతో పేజీలు పేజీలు నింపుతాయి. మనలాంటివాళ్ళకి అదంత అక్కరకు రాదనే నా అభిప్రాయం. నాకు ఒక్కచోటే పనికొచ్చింది.

ఆరు నెలలు తిరిగేసరికి మా అమ్మాయి పాత ల్యాప్‌టాప్‌లో నా ప్రోగ్రాము నడిచింది. జావాలో "స్వింగ్" అని ఒక సరంజామా ఉంటుంది, తెరమీద గళ్ళూ, మీటలూ అమర్చుకోవడానికి. సభ్యుల పేర్ల జాబితా, దాని కింద పేరు టైపు చేసే గడి, పక్కన "జమ" మీట, "బాకీలు" మీట. జాబితాలో వెతుక్కోవడం కన్నా ఒక్కోసారి టైపు చెయ్యడమే తొందర అని రెండు దారులూ పెట్టాను. ఇంట్లో పదిసార్లు పరీక్ష చేశాను. అంతా సవ్యంగానే ఉంది.

ఇక ఇప్పుడు చెప్పేది రాయడానికి నాకు సిగ్గుగానే ఉంది. కానీ ఇది చెప్పకపోతే ఈ వ్యాసం రాసి ప్రయోజనం లేదు.

2024 ఏప్రిల్ నెల సమావేశం మా ఇంట్లోనే పెట్టాం. నా ఘనత నలుగురూ చూడాలని నాకూ ఉందనుకోండి. పదకొండు మందివీ జాబితాలోంచి ఎంచి జమ వేశాను. మిషను కుట్టే అమ్మాయి ఒకామె ఉంది మాలో, అందరికన్నా ఆలస్యంగా వచ్చింది. గబగబా డబ్బిచ్చింది, నేను గబగబా పేరు టైపు చేసి జమ కొట్టాను. కాఫీలయ్యాయి. తరవాత అందరూ తెర చుట్టూ చేరితే దర్జాగా "బాకీలు" మీట నొక్కాను.

బాకీ ఒకరు అని వచ్చింది. ఆ అమ్మాయి పేరు!

"ఇందాకే ఇచ్చాను కదక్కా" అంది తను.

"కంప్యూటరు తప్పు చెప్తుందా ఎక్కడైనా?" అన్నారు ఒక పెద్దావిడ.

నేను ఇచ్చిందనే అనుకున్నాను. చేత్తో తీసుకున్నట్టు లీలగా గుర్తుంది. కానీ ఆర్నెల్లు కష్టపడి రాసిన ప్రోగ్రాము, పదిసార్లు పరీక్ష చేసింది... నోరు మెదపలేదు. ఆ అమ్మాయి మారు మాట్లాడకుండా సంచీలోంచి ఇంకో 500 తీసి బల్లమీద పెట్టింది. ఈసారి జాబితాలోంచి పేరు ఎంచి జమ వేశాను. బాకీలు సున్నా! "చూశారా" అన్నారు పెద్దావిడ.

రాత్రి డబ్బు లెక్కపెడితే 6,500 ఉంది. పన్నెండు మంది, 500 చొప్పున 6,000 ఉండాలి. తెరమీద చూస్తే అక్కడ కూడా మొత్తం వసూలు 6,500 అనే ఉంది! మొదటిసారి మీట నొక్కినప్పుడే కింద మూలన 6,000 అని ఉండి ఉంటుంది. అంటే అందరూ ఇచ్చేశారని అదే చెప్తోంది, పైన ఒకరు బాకీ అని కూడా అదే చెప్తోంది. పది మందిమి చూస్తూ ఒక్కరం గమనించలేదు.

అప్పటికప్పుడు హాస్టలుకి ఫోను చేశాను. మా అమ్మాయి నేను రాసిందంతా చదివించుకుని, "అమ్మా, పేర్లు పోల్చేచోట రెండు ఈక్వల్ గుర్తులు పెట్టావా?" అంది. పెట్టాను. తప్పు అదే.

ఇది కాస్త జాగ్రత్తగా వినండి, జావా నేర్చుకునే ప్రతివాళ్ళూ పడే గొయ్యి ఇది. మన ఇళ్ళల్లో స్టీలు గ్లాసుల మీద పేర్లు చెక్కిస్తాం కదా. రెండు గ్లాసుల మీదా ఒకే పేరు ఉందనుకోండి. "రెంటి మీదా ఉన్న పేరు ఒకటేనా?" అని అడగడం వేరు, "ఈ గ్లాసూ ఆ గ్లాసూ ఒకటే గ్లాసా?" అని అడగడం వేరు. జావాలో పేరు లాంటి మాటల్ని రెండు ఈక్వల్ గుర్తులతో పోల్చితే అది రెండో ప్రశ్న అడుగుతుంది. జాబితాలోంచి ఎంచినప్పుడు జాబితాలో ఉన్న ఆ గ్లాసే చేతికొస్తుంది కాబట్టి "ఒకటే" అంది. టైపు చేసినప్పుడు అవే అక్షరాలతో కొత్త గ్లాసు తయారైంది. అది వేరే గ్లాసు, కాబట్టి ఈ పేరున ఎవరూ కట్టలేదని తేల్చేసింది! మొదటి ప్రశ్న అడగాలంటే "ఈక్వల్స్" అనే మెథడ్ వాడాలి.

మరి ఇంట్లో పరీక్ష చేసినప్పుడు ఎందుకు బయటపడలేదు? జాబితా దారి సరిగ్గా ఉందని ముందే చెప్పాను. రెండో దారికి మాత్రం టైపు చెయ్యడానికి బద్ధకించి, పేర్లు ప్రోగ్రాములోనే రాసి పెట్టి చూశాను. అలా ప్రోగ్రాము పాఠంలోనే కొటేషన్లలో రాసిన మాట ఎన్నిచోట్ల వచ్చినా జావా ఒకే ప్రతి ఉంచుకుంటుంది. అప్పుడు రెండు ప్రశ్నలకీ జవాబు ఒకటే వస్తుంది. చేత్తో టైపు చేసిన మాటకి ఆ వరస ఉండదు.

మర్నాడు పొద్దున్నే ఆ అమ్మాయి ఇంటికెళ్ళాను. 500 చేతిలో పెట్టి సంగతి చెప్పాను. "పోన్లెండక్కా" అంది గానీ కళ్ళు చెమ్మగిల్లాయి. "రాత్రంతా సంచీ దులిపి దులిపి వెతుక్కున్నాను. దారిలో పడేసుకుని ఇచ్చాననుకున్నానేమో అని. ఇది లైనింగు గుడ్డ కొనాల్సిన డబ్బు" అంది. ఆమె అన్నదాంట్లో నన్ను కోసింది డబ్బు మాట కాదు. ఇచ్చిన మనిషి, తను ఇవ్వలేదేమోనని తన్ను తానే అనుమానించుకుంది. నా ప్రోగ్రాము మాట విని!

తరవాతి నెల సమావేశంలో అందరి ముందూ చెప్పాను, తప్పు ఆ అమ్మాయిది కాదు, నాది అని. పెద్దావిడ కాఫీ గ్లాసు వంకే చూస్తూ కూర్చున్నారు.

ప్రోగ్రాము ఎలా దిద్దానంటే, ఈక్వల్స్ పెట్టి ఊరుకోలేదు. రేపు ఇద్దరు లక్ష్ములు చేరితే పేరు పోల్చడమే మోసం. అందుకని ఒక్కొక్కరికీ పాస్‌బుక్కు నంబరు ఇచ్చి, జమలన్నీ నంబరుకే కట్టాను. డబ్బు కూడా రూపాయల్లో చుక్క పెట్టి కాకుండా పైసల్లో, పూర్ణసంఖ్యగా ఉంచాను. "డబుల్" అనే రకంలో 0.1కి 0.2 కలిపితే సరిగ్గా 0.3 రాదు, చివర ఎక్కడో ఓ నలుసు మిగిలిపోతుంది. వడ్డీ లెక్కల్లో ఆ నలుసే కొంప ముంచుతుంది.

ఇక ఫోను సంగతి. 2008లో మొదటి ఆండ్రాయిడ్ ఫోను అమ్మకానికొచ్చినప్పుడు దాని యాప్‌లు రాసే భాష జావాయే. ఇప్పటికీ రాసుకోవచ్చు. 2019 నుంచి గూగుల్‌వాళ్ళు "కోట్లిన్" అనే భాషకి ముందు పీట వేస్తున్నారు. అది రష్యాలో ఓ దీవి పేరు. జావా కూడా దీవే కదా, ఇండోనేషియాలో! రెండూ ఒకదాంతో ఒకటి కలిసిపోతాయి కాబట్టి జావా వస్తే కోట్లిన్ కష్టం కాదంటుంది మా అమ్మాయి. నేనింకా ముట్టుకోలేదు. యాపిల్ ఫోనుకైతే 2014లో వచ్చిన "స్విఫ్ట్" ఉంది. "జావాస్క్రిప్ట్" అని ఇంకోటి వినపడుతుంది, అది వేరు. పాలకీ పాలకూరకీ ఎంత చుట్టరికమో వీటికీ అంతే.

ల్యాప్‌టాప్‌లోది ఫోనులోకి తేవాలంటే మొత్తం మళ్ళీ రాయాలేమో అని భయపడ్డాను. తెర భాగం మాత్రం రాయాల్సొచ్చింది, స్వింగ్ ఫోనులో పనిచెయ్యదు. కానీ "సభ్యురాలు", "జమ", "అప్పు" అన్న క్లాసులు ఒక్క అక్షరం మార్చకుండా అలాగే వచ్చి కూర్చున్నాయి! దోసెల పిండి ఒకసారి రుబ్బుకుంటే గ్యాసు పొయ్యి అయినా, కరెంటు పొయ్యి అయినా పెనం పెట్టుకోవడమేగా తేడా. లెక్క ఒకచోటా, తెర ఒకచోటా విడివిడిగా రాసుకోమని మా అమ్మాయి మొదట్నించీ పోరుతుంటే విసుక్కునేదాన్ని.

మీరు మొదలుపెట్టాలంటే ఖర్చు పెద్దగా లేదు. జావా సాధనాలు ఉచితంగా దొరుకుతాయి. యాప్‌లు రాసే "ఆండ్రాయిడ్ స్టూడియో" కూడా ఉచితమే. కాకపోతే అది మహా తిండిపోతు, 8 జీబీ మెమరీకి తక్కువ ఉన్న కంప్యూటరులో ఈడుస్తుంది. యాప్‌ని గూగుల్ ప్లేలో అందరికీ పెట్టాలంటే ఒక్కసారి 25 డాలర్లు కట్టాలి. మన ఫోను వరకే అయితే కేబులు పెట్టి ఎక్కించుకుంటే చాలు, ఏమీ కట్టక్కర్లేదు. ముందే ఫోను యాప్‌కి వెళ్ళకండి. కంప్యూటరు మీద అక్షరాలతో నడిచే చిన్న ప్రోగ్రాములు రెండు నెలలు రాయండి. అదీ మీ పాల లెక్కో, పచ్చళ్ళ ఆర్డర్లో, చీరల వాయిదాలో, చేత్తో వేసి సరిచూసుకోగలిగిన లెక్క పెట్టుకోండి. పుస్తకంలో ఇచ్చిన బ్యాంకు లెక్క తప్పొచ్చినా మనకి తెలిసి చావదు.

ఫోను యాప్‌లో ఒక మార్పు చేశాం. అది మిషను కుట్టే అమ్మాయి చెప్పిన ఉపాయం. డబ్బు తీసుకుని పేరు ఎంచగానే తెరమీద పేరూ, మొత్తం పెద్ద అక్షరాల్లో పడతాయి, కానీ అప్పుడే జమ కాదు. ఫోను ఇచ్చినవాళ్ళ వైపు తిప్పాలి. వాళ్ళు చదువుకుని, వాళ్ళ వేలితోనే "సరే" అని నొక్కాలి. కాగితం పుస్తకం కూడా మానలేదు, అందులో రాసేది ఇప్పుడు ఆ అమ్మాయే. నెలాఖరున ముందు తను తన మొత్తం చదువుతుంది, తరవాతే నేను ఫోను తీస్తాను.